పన్ను పక్కగోడ: ఫ్లాస్ వాడకంపై ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం. లోపలికి వచ్చేటప్పుడు మీ చేతికి ఒక దారం ముక్క ఇచ్చి ఉంటారు. దాన్ని పారేయకండి, జేబులో కుక్కేయకండి కూడా. కాసేపట్లో దానితో పని ఉంది.

ముందు చేతులెత్తే కార్యక్రమం ఒకటి పెట్టుకుందాం. ఫ్లాస్, అంటే పళ్ళ సందుల్లో వాడే ఈ దారం, ఆ మాట విన్నవాళ్ళు? బాగుంది, దాదాపు అందరూ. ఇంట్లో ఫ్లాస్ డబ్బా ఉన్నవాళ్ళు? సగం చేతులు దిగాయి. నిన్న రాత్రి వాడినవాళ్ళు? (నవ్వులు) ఆ వెనక వరుసలో ఒకమ్మాయి చెయ్యి సగం ఎత్తి ఆపేసింది. ఫర్వాలేదమ్మా, దించెయ్. నా దగ్గరికి వచ్చే పేషెంట్లను అడిగినా చేతులు ఇదే వరుసలో దిగుతాయి.

నేను దంతవైద్యుణ్ణి. వృత్తిలోకి వచ్చిన కొత్తలో ప్రతి పేషెంటుకూ "రోజూ ఫ్లాస్ చెయ్యండి" అని చెప్పి పంపేసేవాణ్ణి. ఎలా చెయ్యాలో చూపించేవాణ్ణి కాదు. ఆరు నెలలకోసారి క్రమం తప్పకుండా వచ్చే పెద్దాయన ఒకరు ఉండేవారు. రోజూ చేస్తున్నానండీ అనేవారు. చిగుళ్ళు చూస్తే అలా అనిపించేది కాదు. ఒకరోజు దారం చేతికిచ్చి, చేసి చూపించండి అన్నాను. ఆయన దారాన్ని రెండు పళ్ళ మధ్యకు టక్కున దించి, టక్కున పైకి లాగేశారు. పక్క సందు, మళ్ళీ టక్, టక్. ముప్పై సెకన్లలో నోరంతా అయిపోయింది. ఆయన అబద్ధం చెప్పలేదు, రోజూ చేస్తూనే ఉన్నారు. దారం సందులోకి వెళ్ళి వస్తోందంతే, పన్నును తుడవడం లేదు. తప్పు నాది. చెప్పి వదిలేశాను, చూపించలేదు.

అందుకే ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒకే ఒక్క సంగతి. ఫ్లాస్ తుడవాల్సింది సందును కాదు, సందుకు అటూ ఇటూ ఉన్న పన్ను పక్కగోడల్ని. ఇరుక్కున్నదాన్ని పీకేయడం దాని చిల్లర పని. అసలు పని గోడకు పట్టిన పాచిని తుడవడం.

దువ్వెన గుర్తు తెచ్చుకోండి. దువ్వెనకు మురికి పడితే పైపైన బ్రష్‌తో రుద్దినా పళ్ళ మధ్య నల్లటి జిడ్డు పోదు. అప్పుడేం చేస్తారు? ఒక దారం తీసుకుని, పళ్ళ మధ్య దూర్చి, ఒక్కో పంటికి ఆనించి పైకీ కిందకీ లాగుతారు. ఎవరూ నేర్పకుండానే దువ్వెన పంటికి రెండు వైపులా తుడుస్తాం. సొంత పళ్ళ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ తెలివి ఎక్కడికి పోతుందో తెలియదు.

ఒక్కో పంటికి ఐదు ముఖాలు ఉంటాయి. పెదవి లేదా బుగ్గ వైపు ఒకటి, నాలుక వైపు ఒకటి, కొరికే లేదా నమిలే ముఖం ఒకటి. ఈ మూడింటికీ బ్రష్ చాలు. మిగతా రెండూ పక్క పళ్ళను ఆనుకుని ఉండే గోడలు. అక్కడికి బ్రష్ వెంట్రుకలు పోవు. ఎంత ఖరీదైన బ్రష్షయినా, కరెంటుతో తిరిగేదయినా అంతే. జ్ఞానదంతాలు వదిలేస్తే నోట్లో 28 పళ్ళు. పంటికి రెండు చొప్పున 56 పక్కగోడలు. రోజుకు రెండుసార్లు శ్రద్ధగా తోముకునే మనిషి నోట్లో కూడా ఆ గోడల మీద నిన్నటిది, మొన్నటిది అలాగే ఉండిపోతుంది.

ఏం ఉండిపోతుంది? పాచి. పొద్దున్నే లేచాక నాలుకతో పళ్ళు తడిమితే జిగటగా తగులుతుందే, అదే. చాలామంది దాన్ని తిండి తాలూకు మిగులు అనుకుంటారు. కాదు. అది సూక్ష్మజీవులు పంటి మీద కట్టుకున్న కాపురం. జిగురులాంటి పదార్థం తయారుచేసుకుని, దాంట్లో పొరలు పొరలుగా ఉంటాయి. అందుకే నీళ్ళు పుక్కిలిస్తే పోదు, రుద్దితేనే పోతుంది. తీపిని అవి ఆమ్లంగా మారుస్తాయి, ఆ ఆమ్లం పంటిని పుచ్చిస్తుంది. రెండు పళ్ళు ఆనుకునే చోటుకు కాస్త కింద మొదలయ్యే పుచ్చు చాలాకాలం బయటికి కనబడదు. ఎక్స్‌రేలో మేం చూసి చెబితే "నొప్పే లేదే!" అని ఆశ్చర్యపోతారు. ఇక ఆ పాచి రెండు మూడు రోజులు కదలకుండా ఉంటే లాలాజలంలోని కాల్షియం చేరి గట్టిపడటం మొదలవుతుంది. దాన్నే గార అంటాం. గార పట్టాక ఫ్లాస్ ఏమీ చెయ్యలేదు, మా దగ్గరికి రావాల్సిందే.

చిగుళ్ళ విషయానికొస్తే, 1965లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో హెరాల్డ్ లో అనే ఆయన, తన సహచరులతో కలిసి చేసిన ప్రయోగం ఒకటుంది. ఆరోగ్యమైన చిగుళ్ళున్న 12 మందిని పళ్ళు తోముకోవడం పూర్తిగా మానేయమన్నారు. ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులే, పాపం. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టగానే ఓ వారం పది రోజుల్లో మామూలైపోయాయి. చిగుళ్ళ వాపుకు మూలం పాచి అని, పాచి తీసేస్తే వాపు వెనక్కి తగ్గుతుందని అంత సూటిగా తేల్చిన ప్రయోగం మరొకటి నాకు గుర్తుకు రాదు. నన్నడిగితే అందులో రెండో సగమే మంచి కబురు. వాపు ఇంకా ఎముకదాకా పోకముందు పట్టుకుంటే ఆ చిగురు మళ్ళీ కోలుకుంటుంది. ఎముక కరగడం మొదలైతే, అంటే మనవాళ్ళు పయోరియా అనే దశకు వస్తే, పోయిన ఎముక తనంతట తాను తిరిగి రాదు.

ఇక్కడే రక్తం సంగతి చెప్పాలి. ఫ్లాస్ మానేసినవాళ్ళను ఎందుకు మానేశారని అడిగితే మొట్టమొదట వచ్చే జవాబు, "రక్తం వచ్చిందండీ, భయమేసి ఆపేశాను." అర్థం చేసుకోగలను. సింక్‌లో ఎర్రగా కనబడితే ఎవరికైనా టెన్షనే. కానీ ఒక్కసారి ఆలోచించండి. వాచిన చిగురు లోపలి పొర పలచబడి ఉంటుంది, రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, మెత్తగా ముట్టుకున్నా కారుతుంది. దారం అక్కడ కొత్తగా పుండు చెయ్యలేదు, ఉన్న జబ్బును బయటపెట్టింది. ఆ చోటు వదిలేస్తే పాచి ఇంకా పెరుగుతుంది, రక్తం ఇంకా ఎక్కువవుతుంది. రక్తం వచ్చిన చోటే మరింత మెత్తగా, మరింత శ్రద్ధగా, రోజూ చెయ్యాలి. మామూలుగా ఒకటి రెండు వారాల్లో ఆగిపోతుంది. ఆగకపోతే అక్కడ గారో, చిగురు కింద లోతో ఉందని అర్థం. దంతవైద్యుడికి చూపించుకోండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు మందు ఆపకూడదు, ఫ్లాసూ ఆపకూడదు. కాకపోతే ముందే డాక్టరుతో ఒక మాట మాట్లాడుకోండి. సిగరెట్ తాగేవాళ్ళకు ఇంకో మెలిక ఉంది. వాళ్ళ చిగుళ్ళ నుంచి రక్తం తక్కువగా వస్తుంది, ఎందుకంటే పొగ ఆ సంకేతాన్ని అణిచేస్తుంది. రక్తం రావట్లేదు కాబట్టి నాకేం లేదనుకోవద్దు.

సరే, ఇప్పుడు దారం బయటికి తీయండి. మీకిచ్చింది సుమారు 45 సెంటీమీటర్లు, వేళ్ళ కొసల నుంచి మోచేతి దాకా. ఇంత పొడవెందుకు అని అడుగుతారు. సందుకో కొత్త ముక్క కావాలి కాబట్టి. ఒక సందులో తుడిచిన పాచిని తీసుకెళ్ళి పక్క సందులో పూయకూడదు కదా. ఎక్కువ భాగాన్ని ఒక చేతి నడిమివేలికి చుట్టండి. కొసను రెండో చేతి నడిమివేలికి రెండు చుట్లు చుట్టండి. గట్టిగా బిగించకండి, వేలు నీలంగా అవుతుంది. అదిగో, ముందు వరుసలో ఒకాయన వేలు అప్పుడే నీలంగా మారింది, కాస్త వదులు చెయ్యండి సార్. (నవ్వులు) ఇప్పుడు బొటనవేలు, చూపుడువేలు ఖాళీగా ఉన్నాయి. వాటితో దారాన్ని పట్టుకోండి. రెండు చేతుల మధ్య మూడు సెంటీమీటర్ల దారం కనబడితే చాలు. ఎంత పొడవు వదిలితే అంత అదుపు తప్పుతుంది. పై పళ్ళకు బొటనవేళ్ళు, కింది పళ్ళకు చూపుడువేళ్ళు సాయపడతాయి.

ఇప్పుడు నోటికి పోవద్దు, ఎడమచేతి చూపుడువేలూ నడిమివేలూ పక్కపక్కన పెట్టుకోండి, అవి రెండు పళ్ళు అనుకోండి. దారం పట్టడానికి ఇంకో చెయ్యి కావాలంటారా? పక్కవాళ్ళ వేళ్ళు అప్పు తీసుకోండి. దారాన్ని నిలువుగా కిందకి నొక్కకండి. ముందుకీ వెనక్కీ మెల్లగా, రంపం ఆడించినట్టు, ఆ ఇరుకు దాటేదాకా మాత్రమే ఆడించండి. ఇరుకు దాటగానే రంపం పని ఆపేయాలి. అక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. నొక్కిన విసురుకు దారం టక్కున దిగి చిగుర్లోకి కోస్తుంది. రెండు పళ్ళ మధ్య ముక్కోణంగా ఉండే చిగురు చాలా సున్నితం. రోజూ అలా కోస్తే అక్కడ చీలిక పడుతుంది.

లోపలికి దిగాక దారాన్ని ఒక పంటికి ఆనించి, రెండు చేతులూ ఒకే వైపుకు, పంటిని కౌగిలించుకున్నట్టు, అర్ధచంద్రాకారంలో వంచండి. ఇప్పుడు చిగురు అంచు కిందికి నెమ్మదిగా జార్చండి. ఆరోగ్యమైన చిగురుకూ పంటికీ మధ్య 1 నుంచి 3 మిల్లీమీటర్ల లోతున్న చిన్న గాడి ఉంటుంది. ఆ గాడిలోకి దారం తనంతట తాను వెళ్ళినంత మేరే వెళ్ళనివ్వండి. అడుగు తగిలినట్టు అనిపించగానే ఆగి, పంటిని ఒరుసుకుంటూ పైకి రండి. ఐదారుసార్లు పైకీ కిందకీ. ఇప్పుడు దారం బయటికి తీయకుండానే రెండో పంటి వైపుకు వంచి అదే పని. అంటే ఒక సందులో రెండు గోడలు, మధ్యలో చిగురును దాటుకుంటూ. ఆ పెద్దాయన చేయనిది ఇదే. ఆఖరి దవడ పన్ను వెనక గోడ మరిచిపోకండి. దానికి పక్కన పన్ను లేదు కాబట్టి సందు లేదనుకుంటారు. గోడ మాత్రం ఉంది.

మైనం పూయని దారంతో చేస్తే, పన్ను శుభ్రపడ్డాక కీచుమని చిన్న శబ్దం వస్తుంది. కడిగిన గాజుగ్లాసు మీద వేలు రుద్దినట్టు. నాకు ఆ శబ్దమంటే ఇష్టం. మా ఇంట్లోవాళ్ళకు కాదు.

మొదటిరోజు ఇదంతా పదినిమిషాలు పడుతుంది. చేతులు నోట్లో పట్టవు, చొంగ కారుతుంది, విసుగొస్తుంది. రెండు వారాలకు రెండు మూడు నిమిషాల పనవుతుంది. కష్టంగా ఉన్నవాళ్ళు మొదటి వారం ముందు పళ్ళు మాత్రమే చెయ్యండి. దవడ పళ్ళ దాకా తర్వాత వెళ్ళొచ్చు. రోజుకు ఒక్కసారి చాలు. రాత్రి పడుకునే ముందయితే మంచిది. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, పాచిని కడిగే నాథుడు ఉండడు.

ఈ దారం కొత్తదేం కాదు. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ దంతవైద్యుడు లెవీ స్పియర్ పార్మ్‌లీ 1819లోనే మైనం పూసిన పట్టుదారంతో పళ్ళ మధ్య తుడుచుకోమని పుస్తకంలో రాశాడు. 1882లో కాడ్‌మన్ అండ్ షర్ట్‌లెఫ్ అనే అమెరికన్ సంస్థ మైనం లేని పట్టుదారం అమ్మకానికి పెట్టింది, 1898లో జాన్సన్ అండ్ జాన్సన్ పేటెంటు తీసుకుంది. ఆపరేషన్లలో కుట్లు వేసే పట్టుదారమే ఇది కూడా. 1940లలో పట్టు పోయి నైలాన్ వచ్చింది. ఆ మార్పుకు గట్టిగా వాదించిన చార్లెస్ బాస్ దంతవైద్యుడు కాడు, మామూలు వైద్యుడు, అదీ న్యూ ఆర్లీన్స్‌లోనే. ఆ ఊరికీ పళ్ళ సందులకూ ఏం సంబంధమో నాకిప్పటికీ అంతుపట్టదు.

ఇక మీలో కొందరు అడగాలనుకుంటున్న ప్రశ్న నేనే అడిగేస్తాను. "ఫ్లాస్ వల్ల లాభం లేదని తేలిందట కదా?" 2016లో అమెరికాలో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ, ఫ్లాస్‌కు మద్దతుగా ఉన్న ఆధారాలు బలహీనంగా ఉన్నాయని రాసింది. పెద్ద గోల అయింది. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. 2019లో, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష 35 పరిశోధనలను పరిశీలించింది. మామూలు బ్రష్‌తో పాటు ఫ్లాసో, పళ్ళ సందుల్లో దూర్చే చిన్న సందుల బ్రష్షో వాడితే చిగుళ్ళ వాపు తగ్గే అవకాశం ఉందనీ, ఫ్లాస్ కంటే సందుల బ్రష్ మెరుగు కావచ్చనీ, కానీ ఆధారాల నాణ్యత తక్కువనీ చెప్పింది. ఎక్కువ పరిశోధనలు కొద్ది వారాలు, నెలలకే ముగిశాయి. పుచ్చు తయారవడానికి నెలలు, ఏళ్ళు పడుతుంది. నెలరోజుల పరీక్షలో అదెలా కనబడుతుంది?

నాకు దీనికన్నా ఆసక్తికరంగా అనిపించింది 2006 నాటి మరో సమీక్ష. చిన్నపిల్లలకు బడి ఉన్న ప్రతిరోజూ శిక్షణ పొందినవాళ్ళు దగ్గరుండి ఫ్లాస్ చేస్తే, 1.7 ఏళ్ళలో పుచ్చు ముప్పు 40 శాతం తగ్గింది. టీనేజి పిల్లలు రెండేళ్ళు తమంతట తాము చేసుకుంటే తేడా కనబడలేదు. అదే దారం, చేతులు వేరు. దారం పనికిరాదని దీన్నిబట్టి నేననను. గోడకు ఆననిచ్చారా లేదా అన్నదే తేడా అని నా అభిప్రాయం. మా పెద్దాయన లాంటి వాళ్ళు వందమందిని తీసుకుని పరీక్ష పెడితే ఫ్లాస్ దండగ అనే తేలుతుంది మరి.

ఇక ఎంపిక. షాపు అరలో పది రకాలు కనబడి తికమక పెడతాయి. చూడాల్సింది కంపెనీని కాదు, మీ సందును. పళ్ళు బాగా ఇరుగ్గా ఉంటే మైనం పూసినది గానీ, పీటీఎఫ్ఈ అనే జారుడు పదార్థంతో చేసిన పట్టీలాంటిది గానీ తీసుకోండి. అది తెగకుండా జారిపోతుంది. సందులు మామూలుగా ఉంటే మైనం లేని నైలాన్ బాగుంటుంది, దాని పోగులు పంటి మీద విచ్చుకుని పాచిని పట్టుకుంటాయి. కాస్త వెడల్పు సందులకు టేపులా ఉండేది. పుదీనా వాసన మీ సరదా, దాంతో పంటికి ఒరిగేదేం లేదు. ఒకే సందులో ప్రతిసారీ దారం చిట్లిపోతోందంటే దారం మార్చకండి, డాక్టరుకు చూపించుకోండి. అక్కడ ఫిల్లింగ్ అంచు లేచిందో, గార ఉందో, పుచ్చు మొదలైందో అయుంటుంది.

చిగుళ్ళు కిందికి దిగి సందులు తెరుచుకున్నవాళ్ళకు మాత్రం నేను ఫ్లాస్ చెప్పను. చిన్న సీసా బ్రష్‌లా ఉండే సందుల బ్రష్ చెబుతాను. ఎందుకంటే పంటి వేరు గోడ అంతటా ఉబ్బుగా ఉండదు, కొన్ని పళ్ళకు లోపలికి నొక్కుకుపోయినట్టు గుంటగా ఉంటుంది. పై దవడలో కోరపన్ను వెనకాల ఉండే పంటికి ఆ గుంట స్పష్టంగా తెలుస్తుంది. దారం ఆ గుంట మీదుగా తాడువంతెనలా సాగిపోతుంది, అడుగు తగలదు. బ్రష్ వెంట్రుకలు గుంటలోకి దిగుతాయి. సైజు ముఖ్యం. కాస్త బిగువుగా పోవాలి, లోపలి తీగ పంటికి గీసుకోకూడదు. ఒకే నోట్లో రెండు మూడు సైజులు కావాల్సి రావచ్చు. మొదటిసారి మీ డాక్టరు చేతే సైజు చూపించుకోండి.

క్లిప్పులు, బ్రిడ్జిలు ఉన్నవాళ్ళకు కొస గట్టిగా సూదిలా ఉండే ప్రత్యేకమైన దారం దొరుకుతుంది, తీగ కింద నుంచి దూర్చొచ్చు. నీళ్ళు చిమ్మే మిషన్ కూడా వాళ్ళకు మంచి సాయం. పిడి ఉన్న ఫ్లాస్ పుల్లలను మేం కాస్త చిన్నచూపు చూస్తాం, ఒప్పుకుంటాను. ఆ దారం బిర్రుగా ఉంటుంది, పంటి చుట్టూ సరిగా వంగదు, ఒకే ముక్క నోరంతా తిరుగుతుంది. అయినా వేళ్ళ కీళ్ళు నొప్పులున్నవాళ్ళకూ, ఇంకొకరికి చేసిపెట్టేవాళ్ళకూ అవే దిక్కు. ముందుకీ వెనక్కీ ఒక్కో పంటి వైపు నొక్కి, మధ్యమధ్యలో కడుక్కుంటూ వాడండి. దవడ పళ్ళకు వై అక్షరం ఆకారపు పిడి ఉన్నది తేలిక.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

(సభికురాలు: ముందు ఫ్లాసా, ముందు బ్రష్షా డాక్టరు గారూ?)

ఏది ముందైనా చేస్తే చాలమ్మా. ఒకటి ఎంచుకోమంటే ముందు ఫ్లాస్ అంటాను. 2018లో 25 మంది దంతవైద్య విద్యార్థుల మీద చేసిన చిన్న పరిశోధనలో ముందు ఫ్లాస్, తర్వాత బ్రష్ చేస్తే సందుల్లో పాచి ఇంకా తగ్గింది, పేస్టులోని ఫ్లోరైడ్ కూడా సందుల్లో ఎక్కువగా నిలిచింది. ఇంకో లాభం కూడా ఉంది. ఆఖర్న చేద్దామనుకున్న పని నిద్రమత్తులో ఎగిరిపోతుంది.

(సభికుడు: మామూలు కుట్టు దారం వాడొచ్చా? గుండుసూది, అగ్గిపుల్ల?)

గుండుసూది ఎవరు వాడుతున్నారో చెయ్యెత్తొద్దు, నాకు తెలియకపోవడమే మంచిది. (నవ్వులు) కుట్టు దారం గట్టిగా మెలితిప్పి ఉంటుంది. సన్నగా, గుండ్రంగా, చిగురును కోస్తుంది. ఫ్లాస్ పోగులకు ఆ మెలి ఉండదు, అందుకే పంటి మీద పరుచుకుంటుంది. పుల్లతో ఇరుక్కున్నది వస్తుందేమో గానీ గోడ మీది పాచి రాదు.

(సభికురాలు: మా పాపకు నాలుగేళ్ళు. పాలపళ్ళకు అవసరమా?)

రెండు పళ్ళు ఒకదానికొకటి ఆనుకున్నాయంటే అవసరమే. నాలుగేళ్ళ పాప తనంతట తాను చెయ్యలేదు, మీరే చెయ్యాలి. ఒడిలో పడుకోబెట్టుకుని, తల వెనక నుంచి చేస్తే నోరు బాగా కనబడుతుంది. దవడ పళ్ళ సందులు ముందు.

(సభికుడు: మొన్ననే క్యాప్ పెట్టించుకున్నాను. దారంతో ఊడిపోతుందేమోనని భయం.)

పర్మనెంట్ క్యాప్ అయితే ఊడదు సార్. తాత్కాలికంగా పెట్టినదయితే దారం పైకి లాగకండి. ఒక చేతి కొస వదిలేసి, పక్క నుంచి బయటికి లాగేయండి.

(సభికుడు: ఒక డబ్బా ఎన్నాళ్ళు రావాలి?)

లెక్క మీరే కట్టండి. 50 మీటర్ల డబ్బా, రోజుకు 45 సెంటీమీటర్లు. 111 రోజులు, మూడున్నర నెలల పైచిలుకు. పోయిన ఏడాది కొన్న డబ్బా ఇంకా మీ ఇంట్లో ఉందంటే, దాని సంగతి నేను అడగను. మీ దారం ముక్కలు ఇంకా చేతిలోనే ఉన్నాయిగా? బయట సింక్ దగ్గర అద్దం ఉంది, వరుసగా రండి, ఒక్కొక్కరు ఒక సందు చేసి చూపించాలి. ఆ నీలంవేలు సార్‌తో మొదలుపెడదాం.